జిడ్డు తీయని ట్రాప్ ఉన్నా లేనట్టే

ప్రశ్న: నాలుగు నెలల క్రితం ఒక రెస్టారెంట్ వంటగదికి మేనేజర్‌గా చేరాను. గత నెలలో రెండుసార్లు, సరిగ్గా రద్దీ వేళలో, నేలమీది డ్రైన్ నుంచి జిడ్డు నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. వంట ఆపి, నేలంతా కడిగి, మళ్లీ పొయ్యి వెలిగించేసరికి గంటన్నర పట్టింది. సింక్ కింద జిడ్డును ఆపే ఒక స్టీలు పెట్టె (గ్రీజ్ ట్రాప్), బయట అదే పని చేసే పెద్ద గుంట ఉన్నాయి. వాటిని ఎప్పుడు శుభ్రం చేశారో చెప్పే రికార్డు ఒక్కటీ లేదు. మావాళ్లు రోజూ రాత్రి బకెట్టెడు మరిగే నీళ్లు, వారానికోసారి డ్రైన్ పౌడర్ పోస్తున్నారు. ప్లంబర్ పెద్ద ట్రాప్ పెట్టించమంటున్నాడు. ఒక ఏజెంట్ వచ్చి, తన ఎంజైమ్ ద్రావణం పోస్తే ట్రాప్ తెరవాల్సిన అవసరమే ఉండదన్నాడు. గిన్నెలు కడిగే కుర్రాడేమో “నేను గుంటలోకి దిగి ఎత్తిపోస్తా మేడమ్” అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. మళ్లీ ఎప్పుడు పొంగుతుందోనని ఒకటే టెన్షన్.
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ఆ కుర్రాడి మాట దగ్గర ఆగిపోయాను. డ్రైన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు అతని సంగతి. అతన్నే కాదు, ఎవరినీ ఆ గుంటలోకి దింపకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటానన్నా, రెండు నిమిషాల్లో వచ్చేస్తానన్నా ఒప్పుకోకండి. మూత వేసి ఉంచే గుంటలో గాలి ఆడదు. అడుగున కుళ్లే మడ్డి నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలికంటే బరువైన వాయువు కాబట్టి గుంటలోనే నిలిచిపోతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. లోపలున్న మనిషి వాసన తగ్గింది, ఫర్వాలేదు అనుకుంటాడు. 700 పీపీఎం దాటితే ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పవచ్చు, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

మడ్డిని పారతో కదిపినప్పుడు ఈ వాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అందుకే మూత తీసి చూసినప్పుడు బాగానే అనిపించిన గుంట, పని మొదలయ్యాక ప్రాణాంతకమవుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో తరచూ ఇద్దరు పోతారు. మొదట దిగినవాడు పడిపోతే, కాపాడదామని వెంటనే దిగిన రెండోవాడూ అక్కడే కూలబడతాడు. బయటి గుంటను ట్యాంకర్ గొట్టంతో పైనుంచే పీల్పించాలి. మూత తీసినప్పుడు దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు, ఎందుకంటే అందులో మండే వాయువు మీథేన్ కూడా ఉంటుంది. ఒంటరిగా ఎవరూ మూత దగ్గరికి వెళ్లకూడదు. ఆ కుర్రాడికి ఈ విషయం కూర్చోబెట్టి చెప్పండి. పని మీద శ్రద్ధతోనే అతను ఆ మాట అన్నాడు, ప్రమాదం తెలియకనే అన్నాడు.

ఇక అసలు విషయం. మీకు సలహా ఇచ్చిన వాళ్లందరూ ఒక్క సంగతి మరిచారు. గ్రీజ్ ట్రాప్ జిడ్డును కరిగించదు, మాయం చేయదు, ఆపి ఉంచుతుంది అంతే. ఆపినదాన్ని ఎవరో ఒకరు బయటికి తీయాలి. తీయకపోతే ట్రాప్ కేవలం ఒక లావుపాటి పైపు. మీ దగ్గర జరిగింది ఇదేనని నాకు దాదాపు నమ్మకంగా ఉంది. అయినా నా మాట మీద ఆధారపడకుండా మీరే స్వయంగా తేల్చుకునే పద్ధతి చెబుతాను.

దానికి ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తెలియాలి. సింక్ నుంచి వేగంగా వచ్చిన నీళ్లు వెడల్పాటి పెట్టెలో పడి నెమ్మదిస్తాయి, చల్లబడతాయి. నూనె, కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలి తెట్టు కడతాయి. మెతుకులు, పిండి, తుక్కు అడుగుకు దిగి మడ్డి అవుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న కాస్త శుభ్రమైన నీరు మాత్రమే అవతలి గొట్టం గుండా బయటికి పోవాలి. అందుకే బయటికి పోయే గొట్టం మూతిని నీటి పైభాగాన పెట్టకుండా, ఇంగ్లిష్ ‘టీ’ (T) అక్షరం ఆకారపు పైపుతో గానీ అడ్డుపలకతో గానీ కిందికి ముంచి ఉంచుతారు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో నాథనియల్ వైటింగ్ గ్రీజ్ ట్రాప్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ ఆ సూత్రమే నడుస్తోంది. నీళ్లు నెమ్మదిగా పోవాలి, చల్లగా ఉండాలి, పైతెట్టుకూ అడుగు మడ్డికీ మధ్య చోటు ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా జిడ్డు నేరుగా పైపుల్లోకి పోతుంది.

మీవాళ్లు పోసే మరిగే నీళ్లు దెబ్బకొట్టేది సరిగ్గా రెండోదాన్నే. వేడి నీళ్లు తెట్టును కరిగిస్తాయి, కరిగిన కొవ్వు నీళ్లతో కలిసి ట్రాప్ దాటి వెళ్లిపోతుంది. చూడటానికి సింక్ హాయిగా ఖాళీ అవుతుంది. కానీ పది మీటర్ల అవతల పైపు చల్లగా ఉంటుంది, కొవ్వు అక్కడ గోడలకు పట్టుకుని గడ్డకడుతుంది. చేతికి అందే చోట ఉన్న జిడ్డును, చేయి పెట్టలేని చోటికి రోజూ రాత్రి తరలిస్తున్నారన్నమాట. ఈ అలవాటు ఈ రోజే మాన్పించండి.

గిన్నెలు కడిగే మిషన్ ఉంటే దాని నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి. ఆ నీళ్లు 60 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ వేడితో, ఘాటైన డిటర్జెంట్‌తో వస్తాయి. డిటర్జెంట్ నూనెను సన్నని బిందువులుగా విడగొట్టి నీటిలో కలిపేస్తుంది. అలా కలిసిన నూనె తేలడానికి చాలా సమయం పడుతుంది, అంతసేపు నీళ్లు సింక్ కింది చిన్న ట్రాప్‌లో ఆగవు. మిషన్ నీళ్లు చిన్న ట్రాప్‌లో కలుస్తుంటే వాటిని వేరే దారిలో బయటి పెద్ద గుంటకు మళ్లించడం మంచిది. సింక్‌కు తుక్కు నలిపే మిషన్ బిగించి ఉంటే దాని దారీ అదే పెట్టెలోకి ఉండకూడదు. అది పంపే ముద్ద ట్రాప్ అడుగును కొద్ది రోజుల్లోనే నింపేస్తుంది.

డ్రైన్ పౌడర్ విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. వాటిలో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా. నీటిలో పడగానే అది బాగా వేడెక్కుతుంది, కొవ్వుతో కలిసి సబ్బు అవుతుంది. కొంత కరిగి జరిగిపోతుంది, మిగిలింది కింద ఎక్కడో గట్టిపడుతుంది. పైగా ఆ కాస్టిక్ అల్యూమినియం భాగాలను, జింక్ పూత ఉన్న (గాల్వనైజ్డ్) భాగాలను తినేస్తుంది. మనుషులకు జరిగే హాని దీనికి మించినది. పౌడర్ పోసిన మర్నాడు ప్లంబర్ వచ్చి పైపు విప్పితే లోపల నిలిచిన కాస్టిక్ నీళ్లు అతని ముఖం మీద చిందుతాయి. ఇప్పటికే పోసి ఉన్నారు కాబట్టి, ఈసారి వచ్చే ప్లంబర్‌కు ఏం పోశారో, ఎప్పుడు పోశారో పైపు ముట్టుకోకముందే చెప్పండి. యాసిడ్, బ్లీచ్ ఒకదాని తర్వాత ఒకటి ఒకే డ్రైన్‌లో ఎన్నడూ పోయనివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన వంటగదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

ఏజెంట్ చెప్పిన ఎంజైమ్‌ల విషయానికొస్తే, ఆ ద్రావణం కొవ్వును ముక్కలు చేసేమాట నిజమే. కానీ ముక్కలైన కొవ్వు ఎటు పోతుందని ఆ ఏజెంటును అడగండి. అది ట్రాప్ దాటి కింది పైపులోకి పోతుంది, అక్కడ మళ్లీ పేరుకుంటుంది. ఇలాంటి ద్రావణాలు, జిడ్డు కరిగించే రసాయనాలు ట్రాప్‌లో పోయడాన్ని చాలా నగరాల మురుగునీటి సంస్థలు నిషేధించాయి. బ్యాక్టీరియా కలిపిన మందులు వేరే రకం. అవి కొవ్వును తిని జీర్ణం చేసుకుంటాయి, వాసన కొంత తగ్గించవచ్చు కూడా. అయితే వేడి నీళ్లు, బ్లీచ్, కాస్టిక్ రోజూ తగిలే ట్రాప్‌లో అవి బతకడమే కష్టం. ట్రాప్ తెరవాల్సిన అవసరమే ఉండదు అని హామీ ఇచ్చే ఏ మందునూ నేను నమ్మను, మీరూ నమ్మవద్దు.

పైపుల్లోకి దాటిపోయిన కొవ్వు ఏమవుతుందో చెప్పడానికి లండన్‌లో 2017లో బయటపడిన ముద్ద చాలు. వైట్‌చాపెల్ ప్రాంతం కింద మురుగు కాలువలో 250 మీటర్ల పొడవు, దాదాపు 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ దొరికింది. దాన్ని తొలగించడానికి వారాలు పట్టింది. అందులో ఒక ముక్కను 2018లో మ్యూజియం ఆఫ్ లండన్‌లో ప్రదర్శనకు కూడా పెట్టారు. కొవ్వులోని ఆమ్లాలు నీటిలోని, కాంక్రీటులోని కాల్షియంతో కలిస్తే సబ్బులాంటి గట్టి పదార్థం ఏర్పడుతుంది. రాయిలా బిగిసిన ఆ గడ్డ వేడి నీళ్లకు కరగదు. మీ పైపులో ఇప్పుడు అలాంటిది చిన్న ఎత్తున మొదలై ఉండవచ్చు.

అడ్డం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. డ్రైన్ పొంగినప్పుడు అందరూ నేల తుడిచే హడావిడిలో ఉంటారు. ఈసారి మీరు మాత్రం ఒక్క నిమిషం సింక్ కింది ట్రాప్ మూత తీసి లోపల నీటి మట్టం చూడండి. మామూలుకంటే పైకి లేచి ఉంటే, అడ్డం ట్రాప్ తర్వాత ఎక్కడో ఉంది. మట్టం మామూలుగానే ఉండి సింక్ నీళ్లు మాత్రం దిగకపోతే, అడ్డం సింక్‌కూ ట్రాప్‌కూ మధ్య ఉంది. ఒకే సింక్ నెమ్మదిగా దిగుతూ మిగతావి బాగుంటే ఆ సింక్ కింది పైపునే చూడాలి. మీ ఉత్తరంలో నేల డ్రైన్ నుంచి తన్నిందన్నారు. నేల డ్రైన్ వంటగదిలో అన్నిటికంటే తక్కువ ఎత్తున ఉండే నోరు. వెనక దారి మూసుకుంటే నీళ్లు ముందు అక్కడినుంచే పైకి వస్తాయి. కాబట్టి తప్పు ఆ డ్రైన్‌ది అయ్యే అవకాశం తక్కువ. రద్దీ వేళలో అన్ని సింక్‌లూ ఒకేసారి ఖాళీ అవుతాయి, సగం మూసుకున్న పైపు అంత నీటిని మోయలేదు. మామూలు వేళల్లో బాగుండి రద్దీలోనే పొంగడానికి కారణం ఇది.

పైపులో అడ్డం ఉందని తేలితే, ప్లంబర్ పొడవాటి తీగ స్ప్రింగ్‌ను పైపులోకి పంపి తిప్పడంతో సరిపెట్టుకోవద్దు. స్ప్రింగ్ గడ్డలో ఒక రంధ్రం చేస్తుంది, నీళ్లు కదులుతాయి, అందరూ సంతోషిస్తారు. గోడలకు పట్టిన జిడ్డు మాత్రం అలాగే ఉండిపోతుంది, కొద్ది వారాల్లో ఆ రంధ్రం మూసుకుపోతుంది. అధిక పీడనంతో నీళ్లు కొట్టే జెట్టింగ్ అయితే గోడలను ఒలిచేస్తుంది. ఒక జాగ్రత్త తీసుకోండి: సింక్ వైపు పైపులను జెట్ చేస్తే ఊడిన జిడ్డంతా ట్రాప్‌లోకే వస్తుంది. అందుకని జెట్టింగ్, ట్యాంకర్ ఒకే రోజు పెట్టుకుని, జెట్టింగ్ అయ్యాకే ట్రాప్ ఖాళీ చేయించాలి. తర్వాత పైపు లోపల కెమెరా పంపి చూపించమనండి. పైపు కుంగి నీళ్లు నిలిచే చోటు ఉందేమో అందులో తెలుస్తుంది. వంటగది పైపులకు సాధారణంగా 50కి 1 వాలు ఉండాలి, అంటే మీటరుకు 2 సెంటీమీటర్లు. ఎక్కడైనా వాలు తప్పి కుంగి ఉంటే, ఎన్నిసార్లు కడిగినా జిడ్డు అక్కడే పేరుకుంటుంది. ఆ ముక్క మార్చడం తప్ప వేరే దారి లేదు.

పెద్ద ట్రాప్ కొనాలా అన్న ప్రశ్నకు లెక్క చేసుకుని జవాబు చెప్పుకోవచ్చు. సింక్ పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, 1000తో భాగించండి. ఉదాహరణకు 60, 50, 35 అయితే 105 లీటర్లు. అలాంటివి మూడు తొట్లుంటే 315 లీటర్లు. గిన్నెలు ఉండటం వల్ల తొట్టి పూర్తిగా నిండదు, ముప్పావు వంతు వేసుకుంటే సుమారు 236 లీటర్లు. అవి రెండు నిమిషాల్లో ఖాళీ కావాలంటే నిమిషానికి 118 లీటర్ల ట్రాప్, ఒక్క నిమిషంలో కావాలంటే నిమిషానికి 236 లీటర్ల ట్రాప్ కావాలి. ఇప్పుడు మీ స్టీలు పెట్టె మీద అతికించిన రేకు చూడండి, నిమిషానికి ఎన్ని లీటర్లో దానిమీద రాసి ఉంటుంది. అది మీ లెక్కకు దగ్గరగా ఉంటే ప్లంబర్ మాట పక్కన పెట్టండి. బాగా తక్కువైతే అతను చెప్పింది సరైనదే. అవసరానికి మించి పెద్దది పెట్టినా సమస్యే. నీళ్లు అందులో మరీ ఎక్కువసేపు నిలిచి, కుళ్లి, వాసన పెరుగుతుంది.

ఇంకో విషయం. చిన్న ట్రాప్‌కు ముందు పైపులో నీటి వేగం తగ్గించే చిన్న అమరిక ఒకటి ఉంటుంది, పక్కన గాలి పీల్చే గొట్టంతో. సింక్ నెమ్మదిగా దిగుతోందని ఎవరో ఒకరు దాన్ని పీకేస్తుంటారు. అది లేకపోతే నీళ్లు ఉరుకుతూ వచ్చి తెట్టునూ మడ్డినీ కలియబెట్టి బయటికి తోసేస్తాయి. మీ దగ్గర అది ఉందో లేదో చూడండి. లోపలి అడ్డుపలకలు, టీ పైపు ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒక వంటగదిలో ఎప్పుడూ జిడ్డు నిండని ట్రాప్ చూశాను, వాళ్లు దాన్ని మంచి ట్రాప్ అనుకుంటున్నారు. తీరా చూస్తే టీ పైపు విరిగి ఊడిపోయి ఉంది. జిడ్డు ఆగితే కదా నిండేది.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలని అందరూ అడుగుతారు. దీనికి ఒకే జవాబు అన్ని వంటగదులకూ సరిపోదు. చాలా చోట్ల పాటించే సూత్రం నాలుగోవంతు సూత్రం. పైతెట్టు మందం, అడుగు మడ్డి మందం కలిపితే మొత్తం నీటి లోతులో 25 శాతం దాటకూడదు. 60 సెంటీమీటర్ల లోతు ఉందనుకోండి. పైన 9, అడుగున 6 సెంటీమీటర్లు ఉంటే మొత్తం 15. అంటే ఆ రోజే ట్యాంకర్‌ను పిలవాలి. అంతకుమించితే నీటికి దారి ఇరుకై, వేగం పెరిగి, జిడ్డు తేలేలోపే బయటికి పోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1825 అయితే కనీసం నెలకోసారి, వీలైతే రెండు వారాలకోసారి ఖాళీ చేయమంటుంది. సింక్ కింది చిన్న పెట్టెలకు చాలాచోట్ల వారమే గడువు, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ.

కొలవడం ఇలా. ఒక పొడవైన గెడ చివర అరచేయంత పలకను ఎల్ ఆకారంలో బిగించండి. దాన్ని ఒక పక్కగా వాల్చి తెట్టులోంచి కిందికి దించి, తిప్పి, నెమ్మదిగా పైకి లాగండి. తెట్టు అడుగుభాగం తగలగానే చేతికి తెలుస్తుంది. అక్కడ గెడకు గుర్తు పెట్టండి. మళ్లీ కిందికి దించుతూ పోతే మడ్డి తగిలిన చోట మెత్తగా ఆగుతుంది, అక్కడ రెండో గుర్తు. గట్టిగా నొక్కితే నేల తగులుతుంది, అది మూడోది. ఇదంతా గుంట పక్కన నిలబడి చేయాలి, మూతమీదికి వంగి ముఖం పెట్టకూడదు. పనైపోయాక గెడను తుడిచి, వేరే గదిలో పెట్టాలి. ఒక పుస్తకంలో తేదీ, మూడు కొలతలు, చూసినవారి పేరు రాయండి. వారానికోసారి చొప్పున రెండు నెలలు చేస్తే, మీ వంటగదికి ఎన్నాళ్లు సరైనదో మీ కొలతలే చెబుతాయి.

సింక్ కింది పెట్టెను మీవాళ్లే శుభ్రం చేయవచ్చు. రాత్రి వంటంతా అయ్యాక, నీళ్లు చల్లబడ్డాక చేయాలి. అప్పుడైతే కొవ్వు గట్టిపడి పలకలా లేచొస్తుంది, సగం పని తగ్గుతుంది. ఆహారం, గిన్నెలు దూరంగా జరిపి, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మోచేతి దాకా గ్లోవ్స్, కళ్లద్దాలు వేసుకోవాలి. మూత తీసి పైతెట్టును గరిటెతో బకెట్‌లోకి తీయాలి. తర్వాత నీళ్లు, ఆపై అడుగు మడ్డి. గోడలను, అడ్డుపలకలను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకాలి. డిటర్జెంట్, వేడి నీళ్లు ఇక్కడ వాడొద్దు. తీసిన తెట్టూ మడ్డీ మూత ఉన్న డబ్బాలో పెట్టి, ట్రాప్ వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకు ఇవ్వాలి. ఏ కారణంతోనూ వేరే డ్రైన్‌లో పారబోయకూడదు. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చీలిందేమో చూడండి. వాసన వస్తోందని ఫిర్యాదు ఉంటే చాలాసార్లు కారణం అదే.

ఆ తర్వాత చేయాల్సిన పని అందరూ మరిచిపోయేది. ట్రాప్‌ను చల్లని మంచి నీళ్లతో బయటికి పోయే గొట్టం మట్టం దాకా నింపాలి. మొదట్లో ఈ తప్పు నేనూ చేశాను. శుభ్రంగా గీకి, తుడిచి, ఖాళీ పెట్టెకు మూత బిగించి వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున సింక్ నుంచి వచ్చిన మొదటి జిడ్డు నీళ్లు, తేలడానికి లోపల నీరే లేక, అడ్డుపలక కిందినుంచి నేరుగా జారిపోయాయి. నెల తిరక్కుండానే కింది పైపు మూసుకుంది. ఆ వంటగదిలో ఒక రోజంతా పని ఆగింది, కూలీ పోయిన వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

బయటి గుంటకు ట్యాంకర్ వచ్చినప్పుడు మీరో, మీరు నమ్మే ఒకరో దగ్గర నిలబడాలి. కొందరు పైతెట్టు మాత్రం పీల్చి వెళ్లిపోతారు. కొందరు అంతా పీల్చి, ట్యాంకర్‌లో తేరిన నీళ్లను మళ్లీ గుంటలోకి వదులుతారు. ఆ నీళ్లలో చితికిన జిడ్డు ఉంటుంది, కాబట్టి ఒప్పుకోవద్దు. గుంట పూర్తిగా ఖాళీ కావాలి, గోడలు పైనుంచే నీళ్లు కొట్టి కడగాలి, టీ పైపు, అడ్డుగోడ కళ్లకు కనబడాలి. కాంక్రీటు గోడ పెళుసుబారి ఇసుకలా రాలుతుంటే ఫొటో తీయించండి. హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి తేమ గోడల మీద బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, అది కాంక్రీటును తినేస్తుంది. ఎంత వ్యర్థం తీశారో, ఎక్కడ దించుతున్నారో రాసిచ్చే రసీదు అడిగి తీసుకుని, కొలతల పుస్తకంలో అతికించండి.

ఇంతా చేసి, సింక్‌లోకి వెళ్లే జిడ్డును తగ్గించకపోతే మీ శ్రమ సగం వృథా. ఇక్కడ యంత్రాలకంటే అలవాట్లే పనిచేస్తాయి. ప్రతి ప్లేటునూ, ప్రతి మూకుడునూ నీళ్లు తగలకముందే గీకి చెత్తబుట్టలో వేయాలి. జిడ్డు గిన్నెలను కాగితంతో తుడిచాకే సింక్‌లో వేయాలి. మూకుడులో మిగిలిన నూనె ఒక్క చుక్క కూడా డ్రైన్‌లోకి పోకూడదు. చల్లార్చి మూత ఉన్న డబ్బాలో పోయించండి. వాడిన వంటనూనె బయోడీజిల్ తయారీకి పనికొస్తుంది, తీసుకెళ్లే వాళ్లుంటారు. ట్రాప్‌లోంచి తీసిన తెట్టును మాత్రం అందులో కలపకండి, అది కుళ్లిన, తడి సరుకు. సింక్ తూముల్లో సన్నని జాలీలు పెట్టించి, ప్రతి షిఫ్టులో ఖాళీ చేయించండి. నూనె అని ఎవరికీ అనిపించని పాలు, క్రీమ్, మసాలా గ్రేవీలు కూడా తెట్టు కడతాయని చెప్పండి. ఉడికిన పిండి నీళ్లు కూడా డ్రైన్‌లో జిగురులా పట్టుకుంటాయి.

గిన్నెలు కడిగేవాళ్లకు కాగితం రోల్, గీకే పలక, బుట్ట చేతికి అందేంత దగ్గరలో పెట్టండి. నాలుగడుగులు నడవాల్సి వస్తే రద్దీలో ఎవరూ వాడరు. వాళ్లను తిట్టి లాభం లేదు, వస్తువులు పెట్టాల్సిన చోట పెట్టకపోవడం మన తప్పు. మీ కుర్రాడికి ఈ జాలీల బాధ్యత, కొలతల పుస్తకం బాధ్యత అప్పగించండి. అతని ఉత్సాహానికి సరైన పని అది. కొలతలు ఎలా చదవాలో నేర్పిస్తే, ట్యాంకర్ ఎప్పుడు పిలవాలో మీకంటే ముందు అతనే చెబుతాడు.

నేల డ్రైన్ల గురించి ఒక మాట. ప్రతి దాని కింద వంపు తిరిగిన పైపులో కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి, సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతున. మురుగు వాయువు, బొద్దింకలు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. మూలన ఎవరూ వాడని డ్రైన్‌లో అవి ఆవిరైపోతాయి, గదంతా వాసన వస్తుంది, ఎక్కడినుంచో తెలియదు. వారానికోసారి ప్రతి డ్రైన్‌లో ఒక బకెట్ నీళ్లు పోయిస్తే చాలు. జాలీ మీద సన్నని బొచ్చు రెక్కల ఈగలు ముసురుతుంటే బ్లీచ్ పోయొద్దు. అవి గుడ్లు పెట్టేది పైపు గోడలకు పట్టిన జిగురులో, బ్లీచ్ దానిమీదనుంచి జారిపోతుంది. పొడవాటి గట్టి బ్రష్‌తో జిగురును గీకి తీస్తే ఈగలు తగ్గుతాయి. జాలీలు ఊడదీసి కడిగే రోజు ఒకటి పెట్టుకోండి.

వరసగా చెప్పాలంటే, ఈ వారం మరిగే నీళ్లు, పౌడర్ ఆపించండి. ఒక రోజు తక్కువ రద్దీ ఉన్న రాత్రి పెట్టుకుని జెట్టింగ్, కెమెరా, ట్యాంకర్ కలిపి చేయించండి. ట్రాప్ ఖాళీగా ఉన్నప్పుడు టీ పైపు, అడ్డుపలకలు, వేగం తగ్గించే అమరిక చూసుకోండి. నీళ్లు నింపి మూత వేయండి. మరుసటి వారం నుంచి గెడతో కొలత మొదలుపెట్టండి. సింక్ లెక్క, ట్రాప్ మీది రేకు మీద ఉన్న అంకె, మొదటి నాలుగు వారాల కొలతలు నాకు రాసి పంపితే, పెద్ద ట్రాప్ పెట్టాలో అక్కర్లేదో ఖాయంగా చెబుతాను. అప్పటిదాకా ప్లంబర్‌కు ఏ ఆర్డరూ ఇవ్వకండి.